ఖాతా రద్దు కిటికీ

కోటిమంది ఒంటరివాళ్లకు తోడు చూపిస్తున్న ఆ సంస్థ, తన పదో వార్షికోత్సవానికి వేదిక మీద ఒక జంటను కూర్చోబెట్టాలని నిశ్చయించింది. ఆ యాప్‌లోనే పరిచయమై, దాని పుణ్యమా అని పెళ్లాడి, ఇంకా కలిసే ఉంటున్న జంట అయి ఉండాలి. కోటిమందిలో ఇద్దరేగా, చిటికెలో పని అనుకున్నారంతా. ఆ చిటికె వేసే బాధ్యత ప్రచార విభాగం మేనేజరు నెత్తిన పడింది. జంట దొరక్కపోతే ఉత్సవం మర్నాటి నుంచి ఆయన కూడా ఆఫీసులో కనిపించనక్కర్లేదని ఛైర్మన్ ఎంతో మర్యాదగా సెలవిచ్చారు.

మేనేజరుకు నలభై దగ్గరపడుతోంది. పెళ్లి కాలేదు. సంస్థలో దీన్ని అదనపు అర్హతగా పరిగణిస్తారు. ఇంట్లో తోడున్నవాడికి ఖాతాదారుల ఆరాటం అర్థం కాదని ఛైర్మన్ నమ్మకం.

ఈ వ్యాపారం ఎదుగుతున్న తీరు చూసి ముచ్చటపడనివాళ్లు లేరు. కష్టమల్లా ఒక్కటే. సరుకు మంచిదైతే గిరాకీ పోతుంది. ఇద్దరు కుదిరారంటే ఇద్దరు ఖాతాదారులు చేజారినట్టే. సబ్బులవాడికీ చెప్పులవాడికీ లేని ఈ ధర్మసంకటాన్ని సంస్థ శాస్త్రీయంగా ఎదుర్కొంది. ఇద్దరి మధ్య మాటలు సాగి ‘ఎక్కడ కలుద్దాం’ అనేదాకా వచ్చేసరికి, ఇద్దరికీ అంతకంటే అందమైన ఫొటో చెరొకటి చూపించే ఏర్పాటు చేసింది. విసిగిపోయి యాప్ మానేద్దామనుకున్నవాడికి ‘ఇప్పుడే ఎవరో మిమ్మల్ని చూశారు’ అని కబురు పంపేది. అబద్ధమాడటం సంస్థ విలువలకు విరుద్ధం. అందుకని మూడో అంతస్తులో పట్టభద్రులను జీతానికి కూర్చోబెట్టి, పొద్దస్తమానం అందరి ఫొటోలనూ నిజంగానే చూపించేది. వాళ్లకు కళ్లల్లో వేసుకునే చుక్కల మందు ఉచితం.

మేనేజరు ఫోన్లు మొదలుపెట్టాడు. ‘ఈ యాప్‌తో నా జీవితమే మారిపోయింది’ అని రాసిన పెద్దమనిషికి ముందుగా చేశాడు. ఆయన “ఏ అమ్మాయి గురించండీ?” అని అడిగి, ఎంతకీ తేల్చుకోలేక, “ఇంకా చూస్తున్నాను లెండి” అని పెట్టేశాడు. తర్వాత ఒక నర్సు దొరికింది.

“కలిశామండీ, కాఫీ హోటల్లో. ఆయన టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని ఇంకో ఆవిణ్ణి చూస్తున్నాడు. నాకెలా తెలిసిందంటారా? నా ఫోన్ జారిపడితే తీసుకుందామని వంగాను.”

ఆవిడ ఫోన్ టేబుల్ కింద ఏం చేస్తోందని మేనేజరు అడగలేదు.

అసలు జంటలే లేవనుకుంటే పాపం. ఉన్నాయి. కాకపోతే పరువుగల జంటలు. ఒకరు లైబ్రరీలో కలిశామని ఇంట్లో చెప్పుకున్నారు, ఒకరు బస్సులో అన్నారు. బ్యాంకులో పనిచేసే ఒక కోడలైతే ఫోన్‌లోనే ఏడ్చినంత పని చేసింది. “రక్తదానం చేస్తుంటే పరిచయమయ్యామని మా అత్తగారికి చెప్పాం సార్. ఇప్పుడు మీ స్టేజీ ఎక్కితే, ఇన్నాళ్లూ ఆవిడ మెచ్చుకున్న ఆ రక్తం సంగతేం చెప్పమంటారు?”

మేనేజరు ఉండేది అక్క ఇంట్లో. ఆ సాయంత్రం అక్క కాళ్లావేళ్లా పడ్డాడు.

“ఒక్క పూట నువ్వూ బావా వచ్చి కూర్చోండే, చాలు. ఉద్యోగం నిలబడుతుంది.”

బావ అప్పటికే పెళ్లినాటి కోటు తీసి దులుపుతున్నాడు. అక్క మాత్రం కస్సుమంది. “మా పెళ్లికొచ్చిన చుట్టాలు సగంమంది ఇంకా బతికే ఉన్నార్రా! ఇన్నేళ్లుగా ఈయన్ని భరిస్తోంది నేనైతే, పేరు మీ కంపెనీకి పోవాలా?”

ఇక మిగిలింది ఖాతా రద్దు కిటికీ. తోడు దొరికినవాళ్లు ఖాతా మూసుకోవడానికి వస్తారేమో, కాపు కాసి పట్టుకుందామని మేనేజరు ఆశ. ఆ యాప్‌లో చేరడానికి ఒక వేలు చాలు. మానడానికి మాత్రం మనిషి మొత్తం రావాలి. ఆఫీసు వెనక, జనరేటరు పక్కన ఉన్న ఆ కిటికీని మధ్యాహ్నం పూట కాసేపు తెరిచేవారు. లోపల కూర్చునే గుమస్తా మహా నిదానస్తురాలు. ఆ నిదానం చూసే ఆవిణ్ణి ఏరికోరి తెచ్చుకున్నారు. ఎండలో, ఆ హోరులో నిలబడలేక సగంమంది మనసు మార్చుకుని, మళ్లీ ప్రేమించడానికి వెళ్లిపోయేవారు.

లైను చివర కళ్లద్దాల షాపతను ఒకడు, లిఫ్టులు బాగుచేసే ఆవిడ ఒకతె కబుర్లలో మునిగిపోయి ఉన్నారు. హోరులో ఒకరి మాట ఒకరికి వినపడక దగ్గరికి జరుగుతున్నారు. ఆవిడ కళ్లజోడు అతని చేతిలో ఉంది. వదులైన మరను గోటితో బిగిస్తున్నాడు. ఆవిడ తన టిఫిన్ డబ్బా మూతలో అతని వంతు పెట్టి, తినేదాకా పట్టుకుని నిలబడింది.

“వాళ్లా సార్?” అంది గుమస్తా. “వాళ్ల ఖాతాలు ఎప్పుడో మూసేశాను. అయినా వస్తూనే ఉన్నారు. కిటికీ దాకా రావడం, మళ్లీ వెళ్లి చివర నిలబడటం. మొన్న రిజిస్టరాఫీసులో పెళ్లి కూడా చేసుకున్నారు. నాకు స్వీట్లిచ్చారు.”

మేనేజరు ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాడు.

ఉత్సవం నాడు హాలు కిటకిటలాడింది. ఛైర్మన్ మెళ్లో దండలతో మైకు పుచ్చుకుని, మానవజాతి ఒంటరితనాన్ని తాము ఏటేటా ఎంత వేగంగా పెంచి పోషిస్తున్నారో, క్షమించాలి, ఎంత వేగంగా తుడిచిపెడుతున్నారో వివరించారు. ఆ తర్వాత లిఫ్టుల ఆవిణ్ణి మాట్లాడమన్నారు.

“మీ యాప్‌లో చాలా ఏళ్లు ఉన్నానండీ. ఇంతమందిలో నాకు ఒక్కరూ దొరకలేదంటే లోపం నాలోనే ఉందనుకుని ఏడ్చేదాన్ని. ఇక వద్దని రద్దు చేసుకోడానికి వచ్చాను. ఈయన నా ముందు నిలబడి ఉన్నారు. ఏం తోచక మాట్లాడుకున్నాం. మీ కిటికీ ఆవిడ కాస్త చురుకైన మనిషైతే మాకీ పెళ్లి అయ్యుండేది కాదు.”

మేనేజరుకు పైప్రాణాలు పైనే పోయాయి. ఛైర్మన్ మాత్రం చెక్కుచెదరలేదు.

“విన్నారా! గుమ్మం దాటిపోయేవాణ్ణి సైతం మన సంస్థ ఒట్టి చేతులతో పంపదు! మిత్రులారా, ఆలస్యం మన లోపం కాదు, మన సేవ! నేటి నుంచి ఆ క్యూను అందరికీ అందుబాటులోకి తెస్తున్నాను, తగిన రుసుముతో!”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

సంస్థ అన్నమాట నిలబెట్టుకుంది. వెనక స్థలంలో పాలరాయి పరిచి సాదా, వెండి, బంగారు లైన్లు ఏర్పాటుచేసింది. ప్రేమకు హోరు అత్యవసరమని నిపుణులు తేల్చడంతో కరెంటున్నా జనరేటరు నడిపించింది. ముందుకు కదిలితే లైను పాడవుతుందని కిటికీని మాత్రం శాశ్వతంగా మూసేసింది. మేనేజరు ఉద్యోగం నిలబడింది. పైపెచ్చు బంగారు లైనులో జీవితకాల సభ్యత్వం బహుమానంగా దక్కింది. ‘జీవితకాల’ అన్న మాట విని అక్క నెత్తి కొట్టుకుంది. మేనేజరు మాత్రం పొంగిపోయాడు.

జనం ఎగబడ్డారు. నిలబడ్డవాళ్లెవరూ పక్కవాళ్లతో మాట కలపలేదు. సాదా లైనువాళ్లు వెండి వైపు, వెండి లైనువాళ్లు బంగారం వైపు మెడలు సాచి చూస్తూ నిలబడ్డారు. మేనేజరు ముందు నవ్వుమొహం ఆవిడొకతె రోజూ నిలబడేది. ఆయనకూ ఆవిడ నచ్చింది. కానీ ఇంకా ముందున్నవాళ్లు ఎలా ఉంటారో తెలియకుండా తొందరపడటం తెలివైన పని కాదనుకున్నాడు.

పాత అలవాటు కొద్దీ ఆ దంపతులిద్దరూ కూడా వచ్చి సాదా లైను చివర నిలబడి కబుర్లాడుకునేవారు. ఇది ఖాతాదారులకు కంటగింపయింది. రుసుము కట్టినవాళ్లు నోరు మూసుకుని నిలబడితే, పైసా కట్టనివాళ్లు నవ్వుకోవడమేమిటని అందరూ కలిసి ఫిర్యాదు చేశారు. వాళ్లను పంపించే పని మేనేజరుకే అప్పగించారు. ఆయన తల దించుకుని చెప్పాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు.

“దానిదేముంది సార్,” అంది లిఫ్టుల ఆవిడ. “బయటా నిలబడొచ్చు. పదండి.”

“మీరూ రండి సార్, టీ తాగుదాం,” అన్నాడు భర్త. “ఆ మేడమ్‌ని కూడా పిలవండి. పాపం, ఇందాకట్నుంచి మిమ్మల్నే చూస్తున్నారు.”

మేనేజరు అటు చూశాడు. నవ్వుమొహం ఆవిడ నిజంగానే ఆయన వైపు తిరిగి ఉంది. ఆవిణ్ణి పిలవబోతూ ఆయన గీత దాటి ఒక అడుగు వేశాడు.

“సార్, లైను వదిలితే మీ చోటు పోతుంది,” అన్నారు వెనక నుంచి ఎవరో, ఎంతో ఆప్యాయంగా. “ముందు ఇంకా మంచివాళ్లుంటారు.”

మేనేజరు అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ కాసేపు చూసి అటు తిరిగిపోయింది. ఆ మాట అన్నదెవరో అక్కడ ఎవరూ గమనించలేదు. మీరూ నేనూ ఆ లైనులోనే ఉన్నాం కదా, అన్నది మనలో ఎవరమో మనకే గుర్తులేదు.