చరణ్ వాసంతి వైన్స్

శనివారం పొద్దున లింబాద్రి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా షాపులో పని ముగించాలి, క్షవరం చేయించుకోవాలి, చొక్కా ఇస్త్రీకి ఇవ్వాలి, సాయంత్రం దోస్తు పెళ్లిలో ముందు వరుసలో కూర్చోవాలి. షార్జాలో, అల్ నహ్దాలోని ఒక ప్రింటింగ్ షాపులో అతను డిజైనరు. ఈ ప్లానులో చెడిపోవడానికి ఏమీ లేదు, పెళ్లికొడుకు చరణ్‌తేజ్ చేతిలో ఫోను ఉండటం తప్ప.

చరణ్‌తేజ్ దుబాయ్‌లో ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా బీరు వాసన కూడా ఎరగడు. అలాంటివాడు మేనేజరు గారి పెళ్లిరోజు పార్టీకి వెళ్లి, అక్కడ వైన్ సీసాల మీద మొగుడూపెళ్లాల పేర్లు చూసొచ్చాడు. అప్పటినుంచీ వాడికి నిద్ర లేదు. పొడుగు మెడల ద్రాక్షరసం సీసాలు నలభై కొని, లింబాద్రి షాపుకు పంపించి, ఏడున్నరకే ఫోన్ చేశాడు.

"అరేయ్ లింబాద్రీ, లోపల ద్రాక్షరసమే గని, పైన లేబులు అసలు వైన్ లెక్కుండాలె. మా ఫోటో పెట్టు. పేరు తెలుగుల రాయి, వెరైటీ ఉంటది."

"పెళ్లి పొద్దున చెప్తవారా ఈ ముచ్చట?"

"అరగంట పనేనాయె!"

డిజైనర్ల బీపీ పెంచడానికి ఈ ఒక్క మాట చాలు. అయినా కరోనా రోజుల్లో ఒకే గదిలో ఒకే గిన్నెలో వండుకు తిన్న దోస్తు. లింబాద్రి పళ్లు నూరుకుంటూ బంగారు అంచు వేశాడు, ద్రాక్షగుత్తి వేలాడదీశాడు, మధ్యలో జంట ఫోటో పెట్టి, పైన "చరణ్ వాసంతి వైన్స్" అని వంపుగా రాసి పంపాడు. ఐదు నిమిషాల్లో చరణ్‌తేజ్ దాన్ని స్టేటస్ పెట్టేశాడు.

అంతలో వెనక నుంచి కేక వినిపించింది.

"యా అల్లా! వైన్సా? నా షాపులోనా? ఇది షార్జా రా అబ్బా!"

ఓనరు హిదాయతుల్లా. కడప మనిషి, షాపు స్టాంపును నిద్రలోనూ జేబులోంచి తీయడు. షార్జాలో మందు అమ్మడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే కాబట్టి అతని కేకకు కారణం ఉంది.

"లోపల జ్యూసే భాయ్."

"జ్యూసయితే జ్యూసనే రాయి. అసలు సీసా మీద ఉండే రూల్సన్నీ ఉండాల. తారీఖు, గడువు, అన్నీ! ఒక్కటి తగ్గినా మిషన్ ఎక్కించేదే లేదు."

లింబాద్రి "వైన్స్" చెరిపేసి, అసలు సీసా తిప్పి చూస్తూ రూల్సు ఎక్కిస్తుండగా మళ్లీ ఫోను మోగింది. ఈసారి చరణ్‌తేజ్ గొంతులో ఏడుపుంది.

"మామ నా స్టేటస్ చూసిండురా!"

మామ అంటే వాసంతి తండ్రి భూమన్న. ఒకప్పుడు దుబాయ్‌లోనే, సోనాపూర్ కూలీల క్యాంపులో ఉండి పనిచేసి వెళ్లినవాడు, పెళ్లి కోసం నిర్మల్ దగ్గరి పల్లె నుంచి మూడు రోజుల కిందటే వచ్చాడు. తాగేవాడికి పిల్లనివ్వనని మూడు సంబంధాలు తిప్పికొట్టిన మనిషి. ఆయనకు తెలిసిన వైన్స్ ఒక్కటే, వాళ్ల ఊరి బస్టాండు పక్కనున్న మందు దుకాణం. దాని బోర్డు మీదా ఇలాగే వంపు అక్షరాలు, ద్రాక్షగుత్తి.

"'నా బిడ్డ పేరు మీద వైన్స్ తెరుస్తవారా' అంటున్నడు. పెళ్లే లేదంటున్నడు! ఎట్లన్నజేసి మత్తు లేదని పెద్ద పెద్దగ రాయిరా. అంతా తెలుగులనే రాయి, మామకు ఇంకోటి రాదు."

ఒక పక్క నుంచి రూల్సన్నీ ఉండాలన్నారు, ఇంకో పక్క నుంచి పెద్దగా తెలుగులో ఉండాలన్నారు. లింబాద్రి రెండూ కలిపి, రూల్సన్నిటినీ తెలుగులోకి మార్చి పెద్దగా రాశాడు. చోటు ఫోటో కిందే మిగిలింది కాబట్టి అక్కడే పెట్టాడు. క్షవరం పోయింది, ఇస్త్రీ పోయింది, మధ్యాహ్నం అన్నం కూడా పోయింది. నలభై సీసాలకూ అతికించినవాళ్లలో ఒక్కడూ చదివిన పాపాన పోలేదు.

సాయంత్రం దుబాయ్‌లోని హాలుకు చేరేసరికి భూమన్న గుమ్మంలోనే కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలు. చరణ్‌తేజ్ బాసికంతోనే వచ్చి సీసా రెండు చేతులా అందించాడు. భూమన్న కళ్లజోడు పెట్టుకుని అందరికీ వినబడేలా చదివాడు.

"'చరణ్ వాసంతి. మత్తు లేదు.'" ఆయన మొహం కొంచెం మెత్తబడింది. "'చక్కెర కలపలేదు. ఎండ తగలనీయరాదు. కుదపరాదు.'" కనుబొమలు లేచాయి. "'మూత తీసిన మూడు రోజుల్లో ముగించాలి. గడువు పన్నెండు నెలలు. ఆ తరువాత పారవేయాలి.'"

మేళం ఆగిపోయింది. వాసంతి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. తండ్రి ఏడుపనుకున్నాడు.

"నా బిడ్డను ఏడాది కిరాయికిస్తున్ననారా? ఆ తర్వాత పారేస్తవా? ఎవడు రాసిండిది?"

వేళ్లన్నీ లింబాద్రి వైపు తిరిగాయి. అందరికంటే ముందు చరణ్‌తేజ్ వేలు! అది చూశాక లింబాద్రికి ఒళ్లు మండిపోయింది.

"నేనే రాసిన కాకా! పొద్దటి నుంచి తిండి లేక రాసిన! నువ్వు సోనాపూర్ క్యాంపుల పన్నెండేండ్లున్నవు గద, గడువు లేనిదేమున్నదో చెప్పు ఈడ. వీసాకు గడువు, బతాకా గుర్తింపు కార్డుకు గడువు. అయిపోంగనే పారేసినవా? రెన్యూవల్ చేయించుకోలే?"

హాలంతా భూమన్న మొహంకేసి చూసింది. ఆయన సీసాను అటూ ఇటూ తిప్పాడు.

"రెన్యూవల్ ఎవరు చేస్తరు?"

"వీసా ఇచ్చిన కఫీల్ చేస్తడు," అన్నాడు లింబాద్రి అలవాటు కొద్దీ.

"పిల్ల నాదైనప్పుడు కఫీల్‌ను నేనే గద?"

భూమన్న పెన్ను అడిగి "పారవేయాలి" కొట్టేసి, కింద ఒక్కో అక్షరం గట్టిగా ఒత్తి రాశాడు. ఏటా పెళ్లిరోజున అల్లుడు నిర్మల్ రావాలి. మామ ముందు నోరు తెరిచి ఊదాలి. వాసన రాకుంటేనే ఇంకో ఏడాది.

"ఊదుడేంది మామా? నేను జన్మల ముట్టలే!"

"మరి భయమెందుకు? పెట్టు సంతకం."

ముహూర్తానికి నాలుగు నిమిషాలుంది. చరణ్‌తేజ్ సంతకం పెట్టాడు. సీసాలతోపాటే వచ్చిన హిదాయతుల్లా ఎవరూ అడగకుండానే జేబులోంచి స్టాంపు తీసి గుద్దాడు. భూమన్న ఆ సీసాను తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"ఖలాస్. మేళం కొట్టుమను."

తాళి కట్టాక, బీరు వాసన కూడా ఎరగని చరణ్‌తేజ్ లింబాద్రి చెవి దగ్గరకు వంగి, అసలు వైన్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.