మలివెలుగుకు తరుగు

థీసిస్ సమర్పించే ముందు ధనలక్ష్మి చేయవలసిన పనులు ఇవి: లైబ్రరీకి బాకీ లేనన్న కాగితం తేవడం, హాస్టలు మంచానికి నాలుగు కాళ్లూ ఉన్నాయని వార్డెన్ చేత రాయించడం, రెండు ఫొటోలు (చెవులు కనబడేలా), గైడు గారి సంతకం, ఆ సంతకం గైడు గారిదేనని ఇంకొకరి సంతకం, చివరగా తన పేర ఉన్న నక్షత్రపు వెలుగును స్టాకు తనిఖీకి హాజరుపరచడం. విశ్వంలో ఏ వెలుగైనా ఆరిపోవచ్చు గానీ, సాగరతీర విశ్వవిద్యాలయం వారి స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన వెలుగు ఆరడానికి నిబంధనలు ఒప్పుకోవు.

తప్పు ధనలక్ష్మిదే. ఆనందపురం వైపు నుంచి వచ్చి విశాఖలో కుదురుకున్న ఆ ఇంట్లో డిగ్రీ తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. దరఖాస్తులో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదని తండ్రి తాతబాబు చెప్పాడు, ఆమె ఎన్నడూ వదల్లేదు. పరిశోధనలో చేరిన రోజున ‘స్వీకరించిన సామగ్రి’ అన్న గడిలో ‘గామా కిరణాల పేలుడు తాలూకు ఎక్స్-రే మలివెలుగు, ఒకటి’ అని గుండ్రటి అక్షరాలతో నింపింది. ఎక్కడో దూరాన ఒక పెద్ద నక్షత్రం కుప్పకూలి పేలితే, ఆ చోట ఎక్స్-రే వెలుగు కొన్నాళ్లు మిగిలి మెల్లగా తగ్గిపోతుంది. ఉపగ్రహం కొలిచిన ఆ తగ్గుదల ఏ లెక్కన నడుస్తుందో కంప్యూటరులో నమూనా కట్టడమే ఆమె పని. స్టోర్స్ సెక్షను వారు మాత్రం ఆ వెలుగును ‘ఫర్నిచరు (కదలనిది)’ కింద చేర్చుకుని, తెల్ల పెయింటుతో నంబరు వేయడానికి మనిషిని పంపారు. (అతనికి అందలేదు. ప్రయోగశాల తలుపు మీద వేసి వెళ్లాడు.)

స్టోర్స్ సూపరింటెండెంటు నీలకంఠం ఆమె తెచ్చిన గ్రాఫును ఎంతోసేపు చూశాడు.

“తీసుకున్నప్పుడు ఇంతుందా?”

“అవును సార్.”

“ఇప్పుడు?”

“వెయ్యో వంతు కూడా లేదు సార్.”

“మిగతాది ఎవులు అట్టుకుపోనారమ్మా? గది తాళం ఎవులి దగ్గరుంటాది?”

“ఎవరూ పట్టుకుపోలేదు సార్. దానంతటదే తగ్గిపోతాది.”

“మా సెక్షన్లో అన్నీ వాటంతటవే తగ్గిపోతాయమ్మా. ఫ్యాన్లు కూడా.”

లోటు తేలింది, సంతకం ఆగింది. నెలాఖరులోగా ఆ సంతకం పడకపోతే ఆమె రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

రేవు దగ్గర ఒక బొగ్గు యార్డులో కాటా చూసే తాతబాబు అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

“ఓస్, ఇంతేనేటి? మా యార్డులో బొగ్గు తగ్గితే ఏటి సేత్తామే? తరుగని రాసేత్తాం. గాలికి లెగిసిపోద్ది కదా. మీయమ్మ ఆరేసిన బట్టల మీద వాలేది మరేటి?”

“నాది బొగ్గు కాదు నాన్నా, నక్షత్రం.”

“అదీ కాలిందే కదే! తరుగని రాసెట్టు.”

రాసి పెట్టింది. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. తరుగు వర్తించే వస్తువుల జాబితాలో బంగారం, బియ్యం, బొగ్గు, ఎండుచేపలు ఉన్నాయి గానీ వెలుగు లేదు. సుదీర్ఘ చర్చ తర్వాత వెలుగును ఎండుచేపలతో సమానంగా పరిగణించి (రెండూ ఆరేవే కాబట్టి) రెండు శాతం తరుగు మంజూరు చేశారు. మిగతా లోటుకు పూచీ ధనలక్ష్మిదే.

నీలకంఠం చెడ్డవాడేం కాదు. ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. గ్రాఫులో గీత మొదట దబ్బున పడిపోయి, మధ్యలో కాస్త సమంగా నడిచి, మళ్లీ దిగజారుతోంది. ఆ మధ్య భాగం మీద వేలు పెట్టాడు.

“ఇక్కడ బాగానే నిలబడింది కదమ్మా! దీన్నేటంటారు?”

“పీఠభూమి దశ అంటారు సార్. కాసేపే ఉంటాది.”

“ఆ కాసేపునే స్కేలెట్టి సివరిదాకా లాగెయ్. ‘ప్రస్తుత నిల్వ’ గడిలో ‘యథాతథం’ అని రాసెయ్. నాను ఇప్పుడే సంతకమెట్టేత్తాను. ఎందుకొచ్చిన తిరుగుడు సెప్పు?”

పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ధనలక్ష్మి పెన్ను చేతిలోకి తీసుకుంది. నిజం రాస్తే వాళ్లు తీసుకోరు. అబద్ధం రాయడానికి తనకు చేయి రావడం లేదు.

“కుదరదు సార్. తగ్గడమే నా థీసిస్.”

పెన్ను మూత పెట్టి లేచి వెళ్లిపోయింది. ఒక గడిని ఖాళీగా వదలడం ఆమెకు అదే మొదటిసారి.

ఆఫీసు ఖాళీని సహించదు. నీలకంఠమే స్కేలు పెట్టి, నీలం ఇంకుతో గీత పూర్తి చేసి, గడి నింపి, ఫైలు మూశాడు. కాబట్టి రికార్డుల ప్రకారం ఆ మలివెలుగు ఈ రోజుకీ రవ్వంతైనా తగ్గకుండా వెలుగుతూనే ఉంది. గడి నింపింది విద్యార్థి కాదు కాబట్టి ఆమె కాగితం మీద తనిఖీ సంతకం పడలేదు, నెలాఖరున ధనలక్ష్మి పేరు మాత్రం కొట్టేశారు. పరిశోధక విద్యార్థుల్లో ఒకరు తగ్గడం మొత్తం మీద రెండు శాతం లోపే కాబట్టి, దాన్ని అనుమతించదగిన తరుగుగా నమోదు చేశారు.

పాఠకులకు ఒక్కటే మనవి. ధనలక్ష్మిని గుర్తుపెట్టుకోండి. రెండు శాతం లోపు వాళ్లను గుర్తుపెట్టుకునే గడి ఆ దరఖాస్తుల్లో లేదు.