కిషన్‌రావు మోసిన మొక్కులు

ఆ రోజు పొద్దున కిషన్‌రావు పెట్టుకున్న పని ఒక్కటే. గోదావరి ఒడ్డున నడక ముగించుకుని, వచ్చేటప్పుడు స్టేషన్‌కు పోయి గోరఖ్‌పూర్‌కు రెండు టికెట్లు తీసుకోవాలి. అక్కడి నుంచి బస్సులో నేపాల్. నేపాల్‌లో కొండలెక్కడం. కొండలెక్కడం అతని కోరిక కాదు, భార్య పార్వతీబాయిది.

నాందేడ్‌లో ఒక సర్కారు ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరైన మనిషి కిషన్‌రావు. నడకలో అతనికి ఎవరూ సాటి రారు. రోజూ పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసే బయలుదేరతారు. వీధి మలుపు తిరిగేసరికి అతను ముందు, ఆమె వెనక. ఘాట్ దగ్గర చాయ్ బండికి ఆమె చేరేసరికి అతను చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇంత ఆలస్యమా?" అంటాడు. పెళ్ళయిన నాటి నుంచీ పెళ్ళిళ్ళకైనా బజారుకైనా ఇదే వరస.

"నీ ఎనుక నడిచి నడిచి నీ మొహంకంటే నీ వీపే నాకు బాగ యాదికున్నది," అన్నది పార్వతీబాయి ఒకనాడు. "ఒక్కసారన్న పక్కపక్కన నడవాలె. ఈడ నిన్ను ఆపెటోళ్ళు లేరు. కొండైతే ఆపుతది."

ఫోనులో ఎవరో ముసలి దంపతులు మంచుకొండల దారిలో మెల్లగా కబుర్లు చెప్పుకుంటూ పోవడం ఆమె చూసింది. అప్పటి నుంచి ఇదే పాట. చివరికి అతను ఒప్పుకున్నాడు.

టికెట్లు చేతిలో పట్టుకుని ఇంటికి వస్తుంటే పక్కింటి సుందరబాయి వాకిట్లో ముగ్గు వేస్తూ తలెత్తింది.

"స్టేషన్‌కెల్లి వస్తున్నరా అన్నా? ఏ ఊరికి?"

పెళ్ళాంతో కలిసి నడవడానికి దేశం దాటి పోతున్నానని చెప్పడానికి కిషన్‌రావుకు నోరు రాలేదు. "ముక్తినాథ్," అన్నాడు. వాళ్ళు నడవబోయే దారిలో ఆ గుడి ఉన్న మాట నిజమే. దేవుడి పేరు చెబితే ఇంకెవరూ ఏమీ అడగరనుకున్నాడు.

అక్కడే పొరపడ్డాడు. మాహూర్ రేణుకాదేవి గుడికి నడిచిపోయేవాళ్ళ చేతికి మొక్కు కొబ్బరికాయ ఇచ్చి పంపడం ఆ వాడలో అందరికీ అలవాటు. మాహూర్‌కే పంపేవాళ్ళు ముక్తినాథ్‌కు పంపరా? మధ్యాహ్నానికి సుందరబాయి పసుపు రాసిన కాయతో వచ్చింది. దాని మీద స్కెచ్ పెన్నుతో తన పేరు కూడా రాసి ఉంది.

"నా కోడలు నాతోని మాట్లాడాలె అన్నా. దేవునికి జెర గట్టిగ చెప్పు."

"గింత బరువు ఎందుకు సుందరా? ఆడనే ఒకటి కొని కొడత తియ్యి."

"నేను మొక్కింది ఈ కాయకు. ఆడి కాయకు నా కోడలెవరో ఏమెరుక?"

సర్వీసులో అర్జీలు తీసుకున్నట్టే కిషన్‌రావు ఆ కాయనూ తీసుకున్నాడు. సాయంత్రానికి వీధి వీధంతా కాయలతో వచ్చింది. మరునాడు బిలోలి నుంచి అతని పెదనాన్న కొడుకు సంగన్న బస్సెక్కి వచ్చాడు. అతని బోరులో నీళ్ళు పడాలి. కాయ ఇచ్చి, అన్న కాళ్ళు మొక్కి, వదిన చేతి జొన్నరొట్టె తిని పోయాడు.

"ఇప్పుడన్న నిజం చెప్పరాదు?" అన్నది పార్వతీబాయి.

"కాళ్ళు మొక్కినంక ఎట్ల చెప్పాలె?"

"అయితే మొయ్యి. అబద్ధం నీదే, కాయలు నీవే."

అలా రైలూ బస్సులూ జీపూ మారి, నేపాల్ కొండల్లో కిషన్‌రావు మొదటి అడుగు వేసేసరికి అతని వీపు మీద సంచి నిండా నాందేడ్ మొక్కులున్నాయి. గుర్రాన్నో కూలీనో మాట్లాడదామంటే మొక్కుకాయ చేతులు మారకూడదని అతనికే అనుమానం. పది అడుగులకొకసారి ఆగాడు. ఆయాసపడ్డాడు. పార్వతీబాయి కూడా అతనితోపాటే ఆగింది. అలా అతను ఆమె పక్కకు వచ్చేశాడు.

ఒట్టిగా నడిస్తే ఆయాసం తెలుస్తున్నదని అతను కబుర్లు మొదలుపెట్టాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కిన్వట్‌లో వేశారనీ, రాత్రి అడివిలో ఏదో అరిస్తే భయపడి దీపం ఆర్పకుండా పడుకునేవాడిననీ చెప్పాడు.

"నువ్వు భయపడ్డవా? నాకెన్నడు చెప్పకపోతివి."

"ఎప్పుడు చెప్పాలె? నువ్వెప్పుడు ఎనుకనే ఉంటివి."

ఆమె నవ్వింది. ఎదురుగా తెల్లటి కొండ. ఆమె దాన్ని సగమే చూసింది. మిగతా సగం మొగుడి మొహం చూసింది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి హాలెండ్ దంపతులు వచ్చారు. పొడుగాటి యాన్, అతని భార్య మార్గ్రీత్. చెమటలు కక్కుతున్న పెద్దమనిషినీ సంచిలోంచి తొంగి చూస్తున్న కొబ్బరికాయలనూ చూసి యాన్ ఆగి, ఇవి ఎందుకని అడిగాడు. కిషన్‌రావుకు వచ్చిన ఇంగ్లీషంతా ఆఫీసు ఇంగ్లీషే. "విత్ రెఫరెన్స్ టు కోకోనట్..." అని మొదలుపెట్టి, సంగన్న బోరు, సుందరబాయి కోడలు, అన్నీ వరసగా నివేదించాడు.

ఈ మనిషి ఊరి కష్టాలన్నీ వీపున వేసుకుని కొండెక్కుతున్నాడని యాన్‌కు అర్థమైంది. టోపీ తీశాడు. సంచిలోంచి సంగన్న కాయ తీసుకుని, తాను మోస్తానన్నాడు. మార్గ్రీత్ సుందరబాయి కాయ తీసుకుంది.

"వద్దు, వద్దు," అన్నది పార్వతీబాయి రెండు చేతులూ ఊపుతూ.

మొహమాటపడుతున్నదనుకుని యాన్ ఇంకొకటి తీసుకున్నాడు. వెనక వచ్చిన కొరియా అమ్మాయిలకు అతను సంగతి చెప్పాడు. వాళ్ళు తలా ఒకటి అందుకున్నారు. ఆమె మరింత గట్టిగా వద్దన్నది. వాళ్ళు మరింత ప్రేమగా తీసుకున్నారు. కాసేపట్లో ఆ కొండదారి పొడుగునా తెలియని దేశాలవాళ్ళు పసుపు పూసిన కాయలు చంకన పెట్టుకుని నడుస్తున్నారు. కిషన్‌రావు సంచి ఖాళీ అయింది. కూలికి కాకుండా భక్తితో మోస్తున్నారు కాబట్టి మొక్కుకు దోషం లేదని అతను సర్దుకున్నాడు.

"మస్తు మంచోళ్ళు," అన్నాడతను వీపు నిటారుగా చేసి. అనడం పూర్తయ్యేసరికి నాలుగడుగులు ముందున్నాడు. ఆమె ఏదో చెప్పబోయేసరికి మలుపు దాటాడు.

పార్వతీబాయి ఒక రాయి మీద కూర్చుంది. మార్గ్రీత్ ఆమె పక్కన చతికిలబడి, నీ భర్త ఏడి అన్నట్టు సైగ చేసింది. పార్వతీబాయి పైన కదులుతున్న చుక్కను చూపించింది. మార్గ్రీత్ ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత చేతిలోని కాయను చూపి, దీని కథేమిటని సైగలతోనే అడిగింది. పార్వతీబాయి ఒక చేత్తో అత్తను, ఒక చేత్తో కోడలిని చేసి, రెండు చేతులనూ ఎడమొహం పెడమొహంగా తిప్పింది. మార్గ్రీత్ చాలాసేపు కాయను చూసి, తన గుండె మీద వేలు పెట్టుకుని తలూపింది. ఆమె ఇంట్లోనూ అదే కథ.

పైన కిషన్‌రావు మంచుకొండ మీద ఎండ పడడం చూసి, "చూసినవా, ఎంత మంచిగున్నదో," అన్నాడు. పక్కకు తిరిగితే గడ్డిమోపు మోస్తున్న కంచరగాడిద ఉంది. అది కూడా అతని వంక చూసింది.

ఆ మాట వినాల్సిన మనిషి కిందెక్కడో ఉంది. అతను వెనక్కి తిరిగి కిందికి దిగసాగాడు. దారిలో కొరియా అమ్మాయిల దగ్గర ఆగి కాయలు తిరిగి అడిగాడు. యాన్ దగ్గర, "కోకోనట్ మే కైండ్లీ బి రిటర్న్‌డ్," అన్నాడు. పాపం యాన్ తాను ఏదో అపచారం చేశాననుకుని, క్షమించమంటూ రెండు చేతులతో ఇచ్చాడు. అది చూసి పైకీ కిందికీ ఉన్నవాళ్ళందరూ బెదిరిపోయి, వరస కట్టి సంచి నింపి పోయారు. నిండిన సంచితో ఆయాసపడుతూ అతను రాయి దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది?" అన్నది పార్వతీబాయి. "ఉల్టా ఎందుకు వచ్చినవ్?"

"బరువు లేకపోతే కాళ్ళు నా మాట ఇంటలేవు," అన్నాడు నేల చూస్తూ. "లెవ్వు. మెల్లగ పోదం."

ఆమె వెంటనే లేవలేదు. కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచింది. కిషన్‌రావు మార్గ్రీత్ చేతిలోని కాయ వైపు చెయ్యి చాపబోతే ఆపింది.

"అదొక్కటి ఉండనియ్యి. ఆమెకు గూడ దానితోని పనున్నది."

ఆ రోజు గుడికి అందరికన్నా ఆఖరున చేరింది వాళ్ళిద్దరే. ఎవరి కాయ వాళ్ళ పేరు చెప్పి అన్నిటినీ సమర్పించారు. సుందరబాయి కాయను మార్గ్రీతే స్వయంగా ఇచ్చి, ఇద్దరి ఇళ్ళ కోసమూ దండం పెట్టింది. ఆమెను చూసి యాన్ కూడా పెట్టాడు.

మరునాడు దిగే దారిలో కిషన్‌రావు వీపు మీద ఏ మొక్కూ లేదు. మొగుడు మారాడని పార్వతీబాయి మనసారా నమ్మింది. నమ్మి, తన సంచి కూడా అతని భుజానికే తగిలించింది.