ఒకరు తక్కువయ్యారు

ఆ ఉదయం ప్రోగ్రామరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి ఆఫీసుకు చేరాలి, పదిన్నరకు బయటపడాలి, పదకొండుకు కూతురి ఈత పోటీకి వెళ్ళాలి. కిందటి రెండు పోటీలకూ ఆమె వెళ్ళలేకపోయింది. "ఈసారీ రాకపోతే నేను అసలు నీళ్ళలోకే దిగను" అని పిల్ల జడ వేయించుకుంటూ అద్దంలోంచి చెప్పింది. ఎదురుగా చెప్పినదానికన్నా అద్దంలోంచి చెప్పిన మాట గట్టిగా తగిలింది.

ఆమె పనిచేసేది రక్తనిధిలో. ఊళ్ళోని ఆరు రక్తదాన కేంద్రాల నుంచి ప్రతి ఉదయం దాతల వివరాలు ఆరు ఫైళ్ళుగా వస్తాయి. వాటిని వరసగా తెరిచి, లెక్క సరిచూసి, రెండుసార్లు పడ్డ పేర్లు తీసేసి, ఒకే జాబితాగా కలిపి పదకొండులోగా ఆసుపత్రులకు పంపాలి. ఏ గ్రూపు రక్తం ఎవరిస్తారో ఆసుపత్రులకు తెలిసేది ఆ జాబితాతోనే. ముప్పై ఏళ్ళపాటు ఈ పని చూసిన ఆపరేటరును అందరూ పెద్దాయన అనేవారు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆయన స్క్రిప్టులు, అంటే కంప్యూటరుకు ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో రాసిచ్చిన చీటీలు, ఇంకా ఆయన పేరు మీదే నడుస్తున్నాయి. పేరు మారిస్తే ఏ గోడ కూలుతుందో తెలియక ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఒక్కో స్క్రిప్టునూ చేత్తో నడుపుతూ కూర్చుంటే పదకొండు దాకా కుర్చీ వదలడానికి ఉండదు. అందుకని ఆమె వారం రోజులు కష్టపడి, వాటన్నిటి మీదా పెత్తనం చేసే కొత్త స్క్రిప్టు ఒకటి రాసింది. పాత స్క్రిప్టులు తెరమీద చెప్పుకునే మాటల్ని అది సిబ్బంది ఫోన్లకు పంపుతుంది. ఏ పనైనా మధ్యలో చస్తే నిమిషంలో మళ్ళీ లేపుతుంది. పది నిమిషాల్లో ఆపరేటరు పలకకపోతే అదే మాటను ఫోన్ నంబర్ల తర్వాతి జాబితాలో ఉన్నవాళ్ళకు చేరవేస్తుంది. మూడూ మంచి నియమాలే. ముగ్గురు మంచివాళ్ళు ఒకే వంటింట్లో చేరితే ఏమవుతుందో మాత్రం ఆమె ఆలోచించలేదు.

తొమ్మిదీ ఇరవైకి మీట నొక్కి, సంచీ భుజాన వేసుకుని లేచింది. కిటికీల్లేని గది అది. పక్కనే రక్తం సంచులు దాచే ఫ్రిజ్‌లు ఒకటే మూలుగుతుంటాయి. గుమ్మం దాటకముందే చేతిలో ఫోను వణికింది. తెరమీద పైన పెద్దాయన పేరు. కింద ఒక్క వరస.

"ఎదురుచూస్తున్నాను. ఆరోవారు ఇంకా రాలేదు."

ఆరో కేంద్రం ఫైలు ఆలస్యమైందని ఆమెకు అర్థమైంది. నడవాలో ఏదో దబ్బున పడిన చప్పుడు. వెళ్ళి చూస్తే పెద్ద నర్సు దూది డబ్బా వదిలేసి గోడకు అతుక్కుపోయి ఉంది.

"ఎవరమ్మా ఆ ఆరోవారు?" అంది నర్సు.

"ఫైలండీ. ఆరో ఫైలు."

"ఫైలుని వారు వీరు అంటారా ఎవరైనా?"

ఇంతలో ఫోన్లన్నీ ఒకేసారి వణికాయి.

"వచ్చినవారిని లెక్కపెట్టాను. ఒకరు తక్కువయ్యారు."

రక్తనిధిలో, చనిపోయిన మనిషి పేరు మీద, ఒకరు తక్కువయ్యారన్న కబురు వస్తే దాన్ని లెక్కల తేడాగా తీసుకునే గుండె ఎవరికీ లేదు. మేనేజరు గారు గదిలోంచి మొహం మాత్రమే బయటపెట్టి "అందరూ ఉన్నారా? ఒక్కసారి లెక్కపెట్టండి" అన్నారు. డ్రైవరు లెక్కపెడితే పదకొండుమందే తేలారు. ఉండాల్సింది పన్నెండు. రెండోసారీ పదకొండే. తనను తాను లెక్కేసుకోలేదని డ్రైవరుకు తట్టేసరికి పెద్ద నర్సు ఏడుపు అందుకుంది.

ప్రోగ్రామరమ్మ పరుగున వెళ్ళి పెద్దాయన కుర్చీలో కూర్చుని ఆ పనిని మధ్యలోనే చంపేసింది. ఫ్రిజ్‌ల మూలుగు కూడా ఒక్క క్షణం తగ్గినట్టనిపించింది. సరిగ్గా నిమిషం గడిచింది.

"నన్ను ఆపారు. మళ్ళీ లేచాను. ఒక్కొక్కరినీ చూస్తాను."

ఆమె మరో రెండుసార్లు చంపింది. రెండుసార్లూ అదే కబురు.

"చంపావా లేదా?" మేనేజరు గారు గుమ్మం దగ్గర్నుంచే అడిగారు.

"చంపాను సార్. మూడుసార్లు చంపాను. లేస్తున్నాడు."

ఆ మాట వినకూడనివాళ్ళే విన్నారు. డ్రైవరు చెప్పులు వదిలేసి మెట్లు దిగాడు.

"పోనీ కరెంటు తీసెయ్యి."

"ఫ్రిజ్‌లు కూడా అదే లైను మీద ఉన్నాయి సార్. రక్తం పాడైపోతుంది. పైగా పదకొండుకి జాబితా వెళ్ళకపోతే ఆసుపత్రుల వాళ్ళు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక కూర్చుంటారు."

"మరి ఆపరేటరు పలికితే ఆగుతుందన్నావుగా? పలుకు!"

ఆమె ఎప్పుడో పలికింది. నాలుగుసార్లు 'అందింది' అని రాసింది. స్క్రిప్టు పట్టించుకోలేదు. జవాబు ఆపరేటరు నంబరు నుంచే రావాలి, ఆపరేటరు నంబరంటే ఆఫీసు నంబర్ల పుస్తకంలో ఇప్పటికీ పెద్దాయనదే. పలకాల్సిన మనిషి పలకలేని చోట ఉన్నాడు.

తొమ్మిదిన్నర దాటగానే కబురు రెండో జాబితాకు, అంటే ఆరు కేంద్రాల సిబ్బందికి వెళ్ళింది. తొమ్మిదీ నలభైకి మూడో జాబితాకు. ఆ మూడోదాంట్లో పరీక్ష కోసమని దాతలందరి నంబర్లూ వేసి, తీసెయ్యడం మరిచిపోయిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

పది దాటేసరికి వీధి వాకిట జనం చేరారని ప్రోగ్రామరమ్మ కిందికి దిగింది. ఒక్కరూ గట్టిగా మాట్లాడటం లేదు. వరసలో నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతులు ముందుకు చాపి ఎదురుచూస్తున్నారు. ముందున్న లావుపాటి దర్జీ చేతులు జోడించాడు. "ఎంత కావాలంటే అంత తీసుకోండమ్మా. పోయినసారి జ్వరమని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. ఆ తక్కువైన ఒక్కడూ నేనే. ఆయన్ని మా ఇంటికి మాత్రం పంపకండి."

"నేను కూడా" అన్నారు వెనకనుంచి ముగ్గురు నలుగురు, తలవంచుకుని.

అప్పుడే ఆవరణలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా వణికాయి. ఈసారి మాట వచ్చింది స్క్రిప్టు నుంచి కాదు. పెద్దాయన సొంత నంబరు నుంచి వచ్చిన జవాబును స్క్రిప్టు బుద్ధిగా అందరికీ పంచింది.

"వస్తున్నాను. ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

వరసలో ఎవరూ కదల్లేదు. పెద్ద నర్సు ప్రోగ్రామరమ్మ చెయ్యి పట్టుకుని పై నడవాలోకి లాక్కెళ్ళింది. పావుగంట గడిచాక కింద మెట్ల మీద చప్పుడైంది. టక్. కాస్త ఆగి, మళ్ళీ టక్. ముప్పై ఏళ్ళు ఆ భవనంలో వినబడ్డ చేతికర్ర చప్పుడది. మేనేజరు గారు తన గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకున్నారు.

మెట్ల మలుపు తిరిగి ముందు కర్ర కనబడింది. తర్వాత, దాన్ని పట్టుకుని ఆయాసపడుతున్న ఒక పెద్దావిడ. పెద్దాయన భార్య. రెండో చేతిలో ఆయన ఫోను.

"పొద్దుట్నుంచీ మోగుతూనే ఉంది. తలుపులు వేసుకుని ఏం చేస్తున్నారు మీరంతా?" అంటూ నేరుగా ఆ గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. "ఎన్నిసార్లు చంపావమ్మా?"

"మూడుసార్లండీ."

"దాన్ని చంపకూడదు. చంపితే లేచి మొదట్నుంచీ మొదలెడుతుంది. చాలు అని చెప్పాలి. ఆ పేరున్న ఫైలు కనిపిస్తేనే ఆగుతుంది." ఆవిడ 'చాలు' అన్న పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టింది. తెర నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఆరో కేంద్రం ఫైలు తెరిచి, అడుగుదాకా వెళ్ళి, ఆఖరి పేరు పక్కన వేలితో తట్టింది. "చూశావా? ఇక్కడ ఎంటర్ కొట్టలేదు. కొట్టకపోతే ఆఖరి మనిషి లెక్కలోకి రాడు. ఆ కేంద్రంలో గుమాస్తా మారుంటాడు."

ఒక్కసారి ఎంటర్ కొట్టి, 'చాలు'ను తీసేసి, మళ్ళీ నడిపింది. "అందరూ వచ్చారు" అన్నాయి ఫోన్లు. పదిన్నర దాటి నాలుగు నిమిషాలకు ఆసుపత్రులకు జాబితా వెళ్ళిపోయింది.

"ఇవన్నీ పెద్దాయన మీకు నేర్పారా అండీ?" అంది ప్రోగ్రామరమ్మ.

పెద్దావిడ నవ్వింది. "ఆయన టైపు కొట్టేవారమ్మా. నేను లెక్కల టీచర్ని. సాయంత్రం ఆయనొచ్చి ఇక్కడి చిక్కు చెప్తే నేను క్యాలెండరు కాగితాల వెనకాల రాసిచ్చేదాన్ని. ఆ మాటలన్నీ నావే. ఎదురుచూస్తున్నాను, ఇంకా రాలేదు అన్నది, ఓ రోజు ఆయన కోసం గుమ్మంలో కూర్చుని రాశాను." కర్రను ఒళ్ళోకి తీసుకుంది. "ఇవాళ ఆ మాట ఆయన ఫోన్లోకే వస్తే, ఇంట్లో కూర్చోలేకపోయాను."

అంతలోనే తలెత్తి గోడ గడియారం చూసింది. "నీకెక్కడికో వెళ్ళాల్సి ఉన్నట్టుంది. సంచీ భుజం మీదే ఉంది. వెళ్ళు, ఇక్కడ నేను చూసుకుంటాను."

ఆమె పరుగుపరుగున వెళ్ళేసరికి పిల్ల ఒడ్డున నిలబడి దూకడానికి ఒంగుతోంది. తల్లిని చూసి చెయ్యూపింది. ఆ ఊపులో ఈల వినబడక అందరికన్నా ఆఖరున దూకింది, ఆఖరుకన్నా ఒక మెట్టు పైన వచ్చింది. ఇంటికెళ్ళేదాకా ఆ ఒక మెట్టు గురించే చెప్పింది.

రక్తనిధిలో ఆ రోజు నలభైముగ్గురు రక్తమిచ్చారు. అంతకుముందెప్పుడూ ఒక్కరోజులో పదకొండుమందికి మించలేదు. మధ్యాహ్నానికి గడియ తీసి బయటికొచ్చిన మేనేజరు గారు, దీన్ని తాను ముందే ఆలోచించిన ప్రచార కార్యక్రమంగా పై అధికారులకు నివేదిక పంపారు.

వారం తిరక్కుండా పెద్దావిడ పెద్దాయన చేసిన ఆపరేటరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. అనుభవం అన్న గడిలో 'ముప్పై ఏళ్ళు, ఇంటి నుంచి' అని రాసి ఇస్తే, మేనేజరు గారు రుజువులడగకుండా సంతకం పెట్టారు.