తుప్పు గ్రహీత

పాత బండికి పట్టిన తుప్పు వదిలించాలంటే ఆ తుప్పును తన ఒంటిమీదికి తీసుకునే మనిషెవరో ముందుగా రాసివ్వాలన్న నిబంధన వచ్చి తొమ్మిదేళ్లయింది కాబట్టి, తండ్రి వదిలిపోయిన పికప్ వ్యాన్‌ను బాగుచేయించాలని వీర్రాజుకు బుద్ధి పుట్టినప్పుడు అందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. తుప్పు నశించదు, చోటు మారుతుంది, అంతే. నిబంధన రాకముందు జనం ఇష్టమొచ్చినట్టు గీకి పారేసేవారు. అది గాలికి లేచి బడి గేట్లకూ, బస్సు కోసం నిలబడ్డవాళ్ల మోకాళ్లకూ పట్టేది. ఇప్పుడా గందరగోళం లేదు. రవాణా కార్యాలయంలో నాలుగో కిటికీ దగ్గర గులాబీ రంగు ఫారం ఇస్తారు. 'గ్రహీత' అన్న గడిలో ఒక పేరు రాస్తే సరిపోతుంది.

వ్యాను అరవై నాలుగు నాటిది. వీర్రాజు తండ్రి అందులో రావులపాలెం మార్కెట్టుకు అరటిగెలలు తోలేవాడు. ఆయన పోయాక అది గడ్డివాము వెనక ముప్పై ఏళ్లు పడి ఉంది. బానెట్ మీద నొక్కితే వేలు లోపలికి పోయేది. వీర్రాజుకు మాత్రం దానివంక చూసినప్పుడల్లా ముదురాకుపచ్చ రంగూ, వెనక కొత్త టేకుచెక్కల తొట్టీ కనిపించేవి. యాభై ఆరేళ్లు వచ్చాక ఈ మోజేమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనీ. పచ్చి గెలల వాసన మధ్య తండ్రి పక్కన కూర్చుని తిరిగినవాడికే ఆ బెంగ తెలుస్తుంది.

ఒక్క మాట అతని పక్షాన చెప్పాలి. తుప్పు తానే తీసుకోవాలనుకున్నాడు. షెడ్డులో బాబ్జీ మేస్త్రీతోనూ అదే అన్నాడు.

"నా బండి తుప్పు నాకే రావాలి మేస్త్రీ. ఇంకోళ్ల ఉసురెందుకు మనకి?"

"మొదట్లో అందరూ అదే అంటారండి," అన్నాడు మేస్త్రీ, డోరు కొలతలు తీసుకుంటూ.

పొరపాటు నాలుగో కిటికీ దగ్గర జరిగింది. వీర్రాజు ఇంట్లో స్థలం పట్టా, గ్యాసు, రేషన్ కార్డు, గ్రూపు లోను అన్నీ భార్య భూలక్ష్మి పేరు మీదే ఉన్నాయి. ఇచ్చేదేదైనా ఇంటి ఆడమనిషి పేరు మీదే ఇస్తారు గనుక, ఫారంలో ఖాళీ గడి కనబడితే చాలు, అతని చెయ్యి ఇరవై ఏళ్లుగా ఆ పేరే రాస్తోంది. పక్కవాడితో రంగుల గురించి మాట్లాడుతూ ఈసారీ అదే రాసింది. చూసుకునేసరికి ముద్ర పడిపోయింది.

"పేరు మార్చాలండి. అక్కడ నేనుండాలి," అన్నాడు.

"మార్చొచ్చండి. పదకొండు నెలలు పడుద్ది," అంది గుమాస్తా తలెత్తకుండా. "ఇలాగే ఉంచితే సోమవారం పని మొదలెట్టుకోవచ్చు. ఆడోళ్ల పేరుంటే ఫైలు ముందు కదులుద్దండి. నూటికి తొంభై ఇవే."

సోమవారం అన్న మాట తప్ప వీర్రాజుకు తక్కినవేవీ వినబడలేదు.

భూలక్ష్మి ఆత్రేయపురంలో పేరున్న పూతరేకుల మనిషి. కింద మంట, పైన బోర్లించిన కుండ. పల్చటి పిండిలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్క లాగు లాగి, ఆరీ ఆరకముందే ఒడుపుగా ఎత్తేది. ఆమె తీసిన రేకులోంచి అవతలి మనిషిని గుర్తుపట్టవచ్చు. గ్రహీత సంతకం కోసం వీర్రాజు కాయితం పట్టుకుని ఇంటికి వెళ్లేసరికి ఆమె కుండ ముందే కూర్చుని ఉంది.

"ఏం కాయితమండీ?"

"బండిది."

పిండిచేత్తో సంతకమెందుకని బొటనవేలు ఒత్తేసి మళ్లీ గుడ్డ అందుకుంది.

సోమవారం కొబ్బరికాయ కొట్టి, మేస్త్రీ ఎడమ డోరు మీద ఇనపబ్రష్షు ఆడించాడు. షెడ్డు నేల మీద ఒక్క నలుసు రాలలేదు. ఆ మధ్యాహ్నం భూలక్ష్మి తీసిన రేకుల మీద గోధుమరంగు వేలిముద్రలు పడ్డాయి. చేతులు కడుక్కుంది. మళ్లీ పడ్డాయి. గురువారానికి కుడి చిటికెనవేలు వంగడం మానేసింది. శనివారం తనిఖీ అధికారి వచ్చి ఆమె మోచేతిని చిన్న సుత్తితో తట్టి, చప్పుడు విని, గ్రహీత సహకారం సంతృప్తికరమని రాసుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లాడు.

డోర్లు, బానెట్, మడ్‌గార్డులు ఒక్కొక్కటే తేరుకున్నాయి. వీర్రాజు షెడ్డులోంచి నవ్వుమొహంతో బయల్దేరి, ఇంటి గుమ్మం దగ్గర ఆ మొహం సర్దుకునేవాడు. అన్నం కలుపుతుంటే ఆమె వేళ్లు కిర్రుమనేవి. ఆ చప్పుడుకు అతనికి ముద్ద దిగేది కాదు.

"ఇంకెంత మిగిలిందండీ?" అని అడిగిందామె ఒకరోజు.

"ఛాసిస్ ఒక్కటే."

"అదెక్కడుంటదండీ?"

"అడుగున. దానిమీదే కదా బండంతా నిలబడేది."

ఆమె వెన్ను నిమురుకోబోయింది. చెయ్యి అంతదాకా వెళ్లలేదు. "ఇప్పటికి రెండు వేళ్లు ఆడుతున్నాయండి. అయ్యీ పోతే నేనింక కుండ ముట్టలేను," అంది.

నిబంధనల్లో ఒక దారి ఉంది. ఛాసిస్ గీకకముందే యజమాని తెల్ల ఫారం ఇస్తే తుప్పంతా తిరిగి బండికి వెళ్లిపోతుంది. మర్నాడే వీర్రాజు ఆ ఫారం నింపి జేబులో పెట్టుకుని నాలుగో కిటికీకి వెళ్లాడు. వరుసలో పద్నాలుగుమంది మగవాళ్లున్నారు. అందరి జేబుల్లోంచీ తెల్ల ఫారాల కొసలు కనబడుతున్నాయి. ఒకరి బండి ఫోటోలు ఒకరికి చూపించుకుంటున్నారు. వంతు వచ్చినవాడు కిటికీ ముందు కాసేపు నిలబడి, జేబు తడుముకుని, వెళ్లిపోతున్నాడు.

"ఆపమంటారా?" అని అడిగింది గుమాస్తా.

వీర్రాజు జేబులో చెయ్యి పెట్టాడు. ఫారం వేళ్లకు తగిలింది. దాని పక్కనే మేస్త్రీ ఇచ్చిన ఆకుపచ్చ రంగు నమూనా చెక్క కూడా తగిలింది.

"రంగెప్పుడు వేయించుకోవచ్చండీ?" అన్నాడు.

"ఛాసిస్ అయిన వారానికి," అంది గుమాస్తా.

ఆషాఢంలో బండి ఇంటికొచ్చింది. ఊరంతా వచ్చి చూసింది. కుండ అటకెక్కింది. రోజూ పొద్దున్నే వీర్రాజు భూలక్ష్మి మోచేతుల దగ్గరా మెడ దగ్గరా కుట్టుమిషను నూనె చుక్కలు వేస్తాడు. పెళ్లాన్ని ఇంత అపురూపంగా చూసుకునే మగాడు ఈ చుట్టుపక్కల లేడని అందరూ మెచ్చుకున్నారు. అతనికీ నిజమేననిపించింది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే టార్పాలిన్ పట్టా. దాన్ని తీసుకుని వీర్రాజు వాకిట్లోకి పరుగెత్తాడు. అరుగు చివర భూలక్ష్మి నిలబడి ఉంది. జల్లు తిన్నగా ఆమె మీదికే కొడుతోంది. పట్టా పట్టుకుని అతను ఇద్దరి మధ్యా ఆగాడు.

"నాకేమవుద్దండీ, పట్టాల్సిందంతా పట్టేసింది కదా," అందామె, దవడ కిర్రుమంటుండగా. "బండి తడిసిపోతంది. ముందది చూడండి."

సబబుగానే తోచింది. నాలుగు మూలలూ లాగి కట్టాడు. తలెత్తి చూస్తే వీధి పొడుగునా ప్రతి వాకిట్లోనూ ఒక మగవాడు బండి మీద పట్టా కప్పుతున్నాడు. ప్రతి అరుగు మీదా ఒకామె వానలో కదలకుండా నిలబడి, ముడి సరిగా పడిందో లేదో చూస్తోంది.