గుండెల మీద చెయ్యేసుకున్న మాస్టారు

ఆ సోమవారం పొద్దున విజయ్ పాల్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మోటారు సైకిలు ఇంట్లో పెట్టి, కొవ్వూరు నుంచి పక్క ఊరి హైస్కూలుకి మామూలు సైకిలు మీద వెళ్లడం. కారణం మాత్రం పెద్దదే. పొగ గురించి పాఠం చెబుతుంటే ఎనిమిదో తరగతి సారిక లేచి, "మరి మీ బండికి పొగ రాదాండీ సార్?" అనేసింది. మాస్టారు పౌరుషానికి పోయి, "సోమవారం నుంచి నేను సైకిలే. మరి మీరు?" అన్నారు. "మీరొస్తే మేమూ ఆటోలు మానేస్తామండి!" అని క్లాసు క్లాసంతా అరిచింది. ఆయన చెప్పిన పాఠం విని పిల్లలు ఒక పని చేస్తామనడం అదే మొదటిసారి. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇక ఆ క్లాసులో ఆయన మాటకి గవ్వంత విలువ ఉండదు.

"నెమ్మదిగా తొక్కండి. పెళ్లయ్యాక మిమ్మల్ని సైకిలు మీద చూళ్లేదు నేను" అంది భార్య తబిత.

కాలవ వంతెన దాకా బాగానే సాగింది. వంతెన ఎత్తు ఎక్కేసరికి ఆయాసం తన్నుకొచ్చింది. దిగి, పిట్టగోడ పట్టుకుని, రెండో చెయ్యి గుండెల మీద వేసుకుని నిలబడ్డారు. టీకొట్టు అప్పాజీ పరుగున వచ్చాడు.

"ఏంటండీ మాస్టారూ, బండేదండి? డాక్టరు గారు తోలొద్దన్నారేంటండి?"

మాట పెగిలితే కదా చెప్పడానికి! చెయ్యి అటూ ఇటూ ఊపారు. అదేం కాదని ఆయన ఉద్దేశం. ఇక లాభం లేదంటున్నారని అప్పాజీకి అర్థమైంది. అసలే అతని నోట్లో నువ్వుగింజ నానదు. మాస్టారు వంతెన దిగేలోపు ఇటు ఆయన ఉండే పేటలో సూరమ్మకీ, అటు స్కూల్లో హెడ్మిస్ట్రెస్ శ్యామలాంబ గారికీ ఫోన్లు వెళ్లిపోయాయి. సూరమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరింట్లో తుమ్మినా ఆవిడే ముందు ప్రార్థనకి మోకాళ్లూనుతుంది.

స్కూలు గేటు దగ్గర శ్యామలాంబ గారు కారు తలుపు తీసి నిలబడి ఉన్నారు.

"ఎక్కండి మాస్టారూ, ఇంటి దగ్గర దింపేస్తాను."

"నాకేం కాలేదండి మేడమ్!"

"మా నాన్నగారూ సరిగ్గా ఇలాగే అన్నారండి. ఎక్కండి."

ఎవరికీ జంకని ఆవిడ కళ్లలో నీళ్లు చూసి మాస్టారు ఎక్కి కూర్చున్నారు. అప్పుడే చెమటలు కక్కుకుంటూ నడిచొస్తున్న ఎనిమిదో తరగతి పిల్లల ముందు నుంచే కారు కదిలింది. సారిక నోరు తెరుచుకుని చూసింది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

సూరమ్మ కబురు అంది, ఇంట్లో తబిత అప్పటికే మంచం వాల్చేసింది. "ఆయాసమేనే బాబూ, గుండె కాదు!" అని మొత్తుకుంటే, "ఇన్నాళ్లూ దాచింది చాలు, పడుకోండి" అని దుప్పటి కప్పింది.

సాయంత్రం మాస్టారి ఇంట్లోనే ప్రార్థన కూడిక పెట్టేశారు. పేటంతా కదిలొచ్చింది, వీధి మలుపులో ఉన్నవాళ్లు కూడా మోటారు సైకిళ్ల మీదే. శ్యామలాంబ గారు మళ్లీ కారులో వచ్చారు. ఆ పొగ హాల్లోకి వచ్చి, పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతూ మధ్యలో రెండుసార్లు దగ్గారు. మాస్టారి బండి ఏడాదంతా తిరిగినా అంత పొగ వదిలేది కాదు.

సూరమ్మ మోకాళ్లూని, "ప్రభువా, మా మనవళ్లకి నాలుగు ముక్కలొచ్చాయంటే ఈ బాబు చలవే, మాకు ఉంచయ్యా" అని ఏడ్చేసింది. తన కోసం ఇంతమంది ఏడుస్తారని మాస్టారికి ఇన్నేళ్లలో తెలియదు. ఇక ఉండబట్టలేక లేచి నిలబడ్డారు.

"మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేనండి. కానీ నాకు జబ్బు లేదండి. ఆ వంతెన ఎత్తుగా ఉంది, నేను లావుగా ఉన్నాను, అంతే."

"అయితే ఇందాకటి ప్రార్థనంతా ఏమైపోయినట్టండీ?" అంది సూరమ్మ.

"కృతజ్ఞత కూడిక అనుకుందాం తల్లీ" అన్నారు అయ్యగారు, దగ్గు ఆపుకుంటూ.

అంతలో గుమ్మంలోకి ఎనిమిదో తరగతి వచ్చింది. దుమ్ము కాళ్లతో, మాస్టారి సైకిలు నడిపించుకుంటూ.

"స్కూల్లో వదిలేశారని తెచ్చామండి సార్. మేం ఆటో ఎక్కలేదండి, నడిచే వచ్చాం" అంది సారిక. "మీరు ఒంట్లో బాగోక కారెక్కారు కదండీ, అది లెక్కలోకి రాదండి."

మాస్టారికి కళ్లు చెమర్చాయి. అబద్ధం ఆడితే మాట దక్కుతుంది. కానీ అంత దూరం నడిచొచ్చిన వాళ్లతో ఎలా ఆడడం?

"నాకేం జబ్బు లేదమ్మా."

"మరెందుకెక్కారండీ?"

"నేనెక్కించానమ్మా, తప్పు నాది" అన్నారు శ్యామలాంబ గారు. పిల్లలందరూ ఆవిడ వైపు తిరిగారు. ఊరికే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ కాసేపు ఓర్చుకుని, కారు తాళాలు తబిత చేతిలో పెట్టారు.

"పదండర్రా, కాలవగట్టు మీదుగా ఇళ్లకి నడిచిపోదాం."

హెడ్మిస్ట్రెస్సే నడుస్తుంటే ఇక బండి స్టార్టు చేసే ధైర్యం ఎవరికుంటుంది? పేటవాళ్లంతా మోటారు సైకిళ్లు తోసుకుంటూ ఇళ్లకి బయలుదేరారు. మాస్టారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చేతులెత్తి దణ్ణం పెట్టారు.

మర్నాడు సూరమ్మ, మాస్టారి గుండె ప్రార్థనతో బాగైన అద్భుతాన్ని మూడు ఊళ్లలో సాక్ష్యం చెప్పి వచ్చింది, ఆటో మాట్లాడుకుని.