తెర మీద మిగిలిన దండ

ఆ సోమవారం ఉదయం సాయిప్రకాష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఢిల్లీ సాకేత్‌లోని ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్లాలి. రిసెప్షన్ టీవీలో కొత్త రీజినల్ హెడ్ వీరరాఘవులు గారి ఫోటో పెట్టి, కింద "స్వాగతం" అని వేయాలి. తర్వాత తీరిగ్గా ఓ చాయ్ తాగాలి. ఆఫీసు మంచిచెడ్డలు చూసుకోవడమే సాయిప్రకాష్ పని. అతని ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. పర్మనెంట్ చేసే కాగితం మీద ఇకమీదట సంతకం పెట్టాల్సింది, ఈరోజు హైదరాబాద్ నుంచి విమానం దిగుతున్న వీరరాఘవులు గారే.

అప్పటిదాకా ఆ టీవీలో ఉన్నది పాత హెడ్ పెద్దిరాజు గారి ఫోటో. నెల కిందట ఆయన గుండెపోటుతో పోయినప్పుడు, చుట్టూ చామంతి దండ బొమ్మతో, కింద "భావపూర్ణ శ్రద్ధాంజలి" అన్న పెద్ద అక్షరాలతో సాయిప్రకాషే దాన్ని పెట్టాడు. తీసేయడానికి మాత్రం అతనికి చెయ్యి రాలేదు. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో అతను ఢిల్లీ చలికి వణుకుతుంటే తన స్వెటర్ తెచ్చిచ్చిన మనిషి ఆయన. రిమోట్ నొక్కితే ఆయన్ని ఇంకోసారి సాగనంపినట్టు అవుతుందనిపించేది. మిగతావాళ్లు ఎవరికి వాళ్లు అది తమ పని కాదనుకున్నారు. పగలూ రాత్రీ ఆ బొమ్మ అలా వెలుగుతూనే ఉండిపోయింది.

ఇప్పుడు ఫోటో మారింది. నల్లకోటులో వీరరాఘవులు గారు నవ్వుతూ ప్రత్యక్షమయ్యారు. ఆయన ముఖం చుట్టూ మసకమసకగా చామంతి దండ కూడా ప్రత్యక్షమైంది. "స్వాగతం" వెనకాల "శ్రద్ధాంజలి" నీడలా కదలకుండా నిలబడి ఉంది.

సాయిప్రకాష్ గుడ్డపెట్టి తుడిచాడు. టీవీ ఆపి మళ్లీ పెట్టాడు. కంప్యూటర్ల సంగతి చూసే సాయిసుధను పరుగున వెళ్లి పిలుచుకొచ్చాడు. ఆమెది వరంగల్.

"తుడిస్తే పోదు ప్రకాష్. ఇది బర్న్-ఇన్," అంది ఆమె. "ఈ ఓలెడ్ టీవీల ఒక్కో చుక్క దానంతట అదే వెలుగుతది. నెలంతా ఒకటే బొమ్మ పెడితే, ఎక్కువ వెలిగిన చుక్కలు తొందరగ ముసలివైతయ్. దండ ఉన్నకాడ అట్లనే అయినయ్."

"ఇప్పుడెలాగండీ మరి?"

"ఫోటోను మూలకు జరిపి చూడు."

జరిపాడు. నడుమ ఖాళీ దండ మిగిలింది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది.

"వద్దొద్దు. మళ్లా నడుమనే పెట్టు," అని సాయిసుధ తన సీటుకు వెళ్లిపోయింది.

టీవీ ఆపేద్దామంటే, స్వాగతం తెర తప్పకుండా ఉండాలని హైదరాబాద్ నుంచి గట్టిగా చెప్పారు. ఇంకో టీవీ తెప్పించే వ్యవధి లేదు. అప్పుడు సాయిప్రకాష్‌కు ఒక ఆలోచన వచ్చింది. టీవీ చుట్టూ నిజం పూలే వేలాడదీస్తే నీడపూల మీదికి ఎవరి చూపూ పోదు. పూలకొట్టుకు ఫోన్ చేసి, "భయ్యా, నయే సాబ్ కీ ఫోటో కే లియే ఏక్ బడీ మాలా, జల్దీ," అన్నాడు.

కొత్త సారు ఫోటోకి పెద్ద దండ అనగానే పూలకొట్టువాడికి అర్థమైపోయింది. దండతోపాటు ఒక అగరొత్తుల కట్ట కూడా పంపించాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మహేష్, దండ ఎవరికని అడిగాడు. "నయే సాబ్ కీ ఫోటో కే లియే," అన్నాడు తెచ్చినవాడు. మహేష్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. లోపలికి వస్తున్నవాళ్లకు ఆ మాట మెల్లగా చెప్పాడు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకరు "ఓం శాంతి" అని పెట్టారు. తక్కినవాళ్లు వెనకబడలేదు.

సాయిప్రకాష్ ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. అతను స్టోర్‌రూమ్‌లో దారం కోసం వెతుకుతున్నాడు. దారం దొరికించుకుని వచ్చేసరికి దండ "స్వాగతం" అక్షరాలను కప్పేస్తూ టీవీకి వేలాడుతోంది, అగరొత్తులు వెలుగుతున్నాయి, ఆఫీసంతా తలలు వంచుకుని నిలబడి ఉంది. అంత నిశ్శబ్దంలో గట్టిగా మాట్లాడే ధైర్యం అతనికి లేకపోయింది.

"ఎవరండీ పోయింది?" అని సాయిసుధ చెవిలో అడిగాడు.

"వీరరాఘవులు సార్ అంట. దండ నువ్వే తెప్పించినవంట గదా?"

సాయిప్రకాష్ నోరు తెరిచేలోపు అద్దాల తలుపు తెరుచుకుంది. పెట్టె లాక్కుంటూ, ఫోన్ చెవిన పెట్టుకుని వీరరాఘవులు గారు లోపలికి వచ్చారు. "బతికే ఉన్నానే. నేను కాకపోతే ఎవరు మాట్లాడుతున్నారు? నువ్వు ముందు ఏడుపు ఆపు," అంటున్నారు. వాట్సాప్ కబురు హైదరాబాద్ చేరడంతో అక్కడివాళ్లు అప్పటికే ఆయన భార్యను పరామర్శించారు.

ఆయన తెర చూశారు. దండ చూశారు. అగరొత్తులు చూశారు. "ఎవరు పెట్టారిది?" అన్నారు నెమ్మదిగా.

సాయిప్రకాష్ ముందుకొచ్చాడు. పెద్దిరాజు గారి ఫోటో ఎందుకు తీయలేకపోయాడో మొదలుకొని దారం దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. తన ఉద్యోగం అయిపోయిందనుకున్నాడు కాబట్టి ఏదీ దాచలేదు.

వీరరాఘవులు గారు సోఫాలో కూలబడి మంచినీళ్లు అడిగారు. తాగి, ఆ తెర వైపు తిరిగారు.

"పెద్దిరాజు కుర్చీలో కూర్చోవాలంటే నాకు భయమయ్యా," అన్నారు. "జాతకంలో గండం ఉందన్నారు. ఈ ఊరు రాకుండా ఉండటానికి చెయ్యని ప్రయత్నం లేదు. బతికుండగానే పోయాడన్న కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు కదా. ఆ గండం కాస్తా మీ టీవీ మీదుగా గడిచిపోయింది."

ఆయన లేచి నీడదండకు చేతులు జోడించారు. పెద్దిరాజు గారికోసం నెలంతా దీపం ఆర్పని కుర్రవాడి కాగితం ముందుగా తెమ్మని, నిలబడే సంతకం పెట్టారు. ఆ టీవీని ఎవరూ మార్చకూడదని కూడా చెప్పారు.

నెలాఖరున ఉత్తమ ఉద్యోగిగా సాయిప్రకాష్‌ను ఎంపిక చేసి, రిసెప్షన్‌ టీవీలో పెట్టడానికి మంచి ఫోటో ఒకటి పంపమన్నారు. అతను ఇంకా పంపలేదు.